జస్టిసుల నియోజకవర్గము: దాని చరిత్రము, మనకది నేర్పు పాఠము

(వార్షిక మహాసభ రెండవ దినమున చదువఁబడిన యుపన్యాసము)



నిన్న సాయంకాలము విషయనిర్ణయ సభయందు ఒక తీర్మానము చర్చకు వచ్చినది. పట్టణములందు మన నేఁతకులమువారు పేటకు కొందఱుగా చెదరియుండుటచేత ఎన్నికలలో గెలుచుట దుష్కరమనియు, కావున ప్రతి పురపాలకసంఘమునందును మనవారికొక కో-ఆప్షన్ సభ్యత్వము నొసఁగవలసినదని ప్రభుత్వమువారిని ప్రార్థింపవలయుననియు దాని సారాంశము. రాత్రి పదిగంటల వఱకు వాదము జరిగినను తెగలేదు. నేఁటి మధ్యాహ్నము మహాసభ దానిపై అభిప్రాయము తెలుపవలసియున్నది. మమ్ము ఏదేని సాహిత్యవిషయముపై ప్రసంగింపుఁడని కార్యదర్శిగారు కోరియుండిరి. కాని యింటికి నిప్పంటుకొన్నప్పుడు అలంకారశాస్త్రము చెప్పుట యుచితము కాదు. అందుచేత ఈ తీర్మానమునకు సంబంధించిన యొక పాత నియోజకవర్గపు కథను చెప్పి, మా యభిప్రాయమును మీ ముందుంచెదము. నిర్ణయము మీది.

కుండలో అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని స్థాలీపులాకన్యాయము చెప్పుచున్నది. మేము పట్టి చూపఁబోవు మెతుకు బొంబాయి నగరసభలోని జస్టిసుల నియోజకవర్గము. అది 1872 సంవత్సరపు చట్టముచే పుట్టి, 1922 సంవత్సరపు చట్టముచే గతించినది. ఏఁబది యేండ్లు జీవించి నేఁడు పేరుకైనను మిగులనిది.

మన మహాసభకును బొంబాయికిని ఏమి సంబంధమని యెవరును అడుగరని మా నమ్మకము. షోలాపురము, భివండి, సూరతు, బొంబాయి పట్టణములలో చుట్టములు లేని యిల్లు మనలో అరుదు. ఆ బొంబాయిలో కామాఠీపురమను పేటకు ఆ పేరు కలిగినదే తెలుఁగుదేశమునుండి పొట్టకై పోయి, రాళ్లు మోసి, గోడలు కట్టి, ఆ నగరమును నిలువఁబెట్టిన కామాఠీలవలన. ఆ నగరసభ చరిత్రములో మన చెమటయు కొంత కలదు. మన వోటు ఎప్పుడు చేరెనో యిప్పుడు చూతము.

1865 సంవత్సరపు చట్టముచే బొంబాయి నగరపాలనభారము జస్టిసుల సమూహమునకు అప్పగింపఁబడెను. 'జస్టిసు ఆఫ్ ది పీస్' అనునది ప్రభుత్వ మొసఁగెడు గౌరవపదవి. అధికారులు, వర్తకులు, ధనవంతులు, పలుకుబడి గల పౌరులు దానిని పొందుచుండిరి. వారిని ప్రజలెన్నుకొనలేదు, సర్కారు నియమించినది. వారిపై కార్యభారమంతయు వహించు మునిసిపల్ కమిషనరొకఁడు. ఆర్థర్ క్రాఫర్డను నాతఁడు ఆ పదవిలో నుండి మార్గములు, మురుగుకాలువలు, బజారులు సంతరించెను. నాఁడు క్రాఫర్డు మార్కెటని పేరొంది, నేఁడు మహాత్మా జోతిరావు ఫూలే మండయి యనఁబడు అంగడిభవనము ఆ కాలపుదే. పనులు మంచివే, వ్యయము మాత్రము హద్దు మీఱినది. లెక్క యడుగవలసిన జస్టిసులు అడుగలేదు. 1871లో పన్ను చెల్లించువారు గగ్గోలు పెట్టిరి.

అప్పుడు ఇరువదియాఱేండ్ల యువకుఁడు, ఫిరోజిషా మెహతా యను పారశీక బారిస్టరు, సభలో లేచి ఒక మాట చెప్పెను. తప్పు కమిషనరొక్కని చేతిలో అధికారముండుటలో లేదు, ఆ యధికారమును ప్రశ్నించు సభను పన్ను చెల్లించు ప్రజలు ఎన్నుకొనకపోవుటలో నున్నదని ఆయన వాదసారము. ఆనాఁడు ఆ మాట పలువురకు రుచింపలేదు. అయినను మఱుసటి యేఁడే చట్టము మాఱెను.

1872 చట్టము ప్రకారము నగరసభకు 64 మంది సభ్యులు. అందు 32 మందిని పన్ను చెల్లించువారు ఎన్నుకొనవలెను. 16 మందిని నగరనివాసులగు జస్టిసులు తమలో తాము ఎన్నుకొనవలెను. 16 మందిని ప్రభుత్వము నియమింపవలెను. మన కథకు నాయకుఁడగు నియోజకవర్గము ఇట్లు పుట్టినది. ఈ లెక్కను మేము బడిపిల్లలకు చెప్పినట్లు మరల చెప్పుదుము, మన్నింపుఁడు. సర్కారు తిన్నగా నియమించినవారు 16. సర్కారు నియమించిన జస్టిసులు ఎన్నుకొనువారు 16. రెండును కలిపిన 32. అనఁగా సభలో సరిగా సగము. ప్రజల సగమునకు ఎదురుగా సర్కారు సగము, దానిలో ఒక పాలు ఎన్నిక యను వస్త్రము కప్పుకొని కూర్చుండెను.

ఆ క్రొత్త నగరసభ 1873 సెప్టెంబరు 4వ తేదీని తొలుత సమావేశమైనది. అదే నెల 24వ తేదీని పూనా నగరములో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజమును స్థాపించెను. బొంబాయిలోని తెలుఁగువారు కొందఱు తరువాత ఆ సమాజమునకు అండగా నిలిచిరి. ఒకే నెలలో పుట్టిన యీ రెండు సభలను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన చోద్యము కలుగును. ఒకదానిలో ప్రవేశమునకు సర్కారు బిరుదమో, పన్నురసీదో కావలెను. రెండవదానిలో ప్రవేశమునకు మనుష్యజన్మము చాలును. కామాఠీపురపు గదిలో నలుగురితో కలిసి యద్దెకుండు కూలివానికి నగరసభ యెన్నికలో వోటు లేదు. ఆతఁడు చెల్లించు అద్దెలోనుండియే యింటి యజమాని పన్ను కట్టుచుండెను, పన్నుదారుఁడను గౌరవము మాత్రము యజమానిదే.

1888లో మఱియొక చట్టము వచ్చెను. సభ్యుల సంఖ్య 72 అయ్యెను. వార్డులనుండి 36, జస్టిసులనుండి 16, విశ్వవిద్యాలయపు ఫెలోలనుండి 2, వర్తకసంఘమునుండి 2, ప్రభుత్వ నియమితులు 16. మరల వార్డులవారు సరిగా సగమే. అక్షరాలు మాఱినవి కాని అర్థము మాఱలేదు.

ఇచ్చట జస్టిసుల వర్గమునకు న్యాయము చేయుట మా విధి. అది యంతయు చెడ్డదని మేము చెప్పము. వార్డులలో వోట్లకై తిరుగుట కిష్టపడని విద్యావంతులు, వేర్వేఱు మతములవారు, నగరవిషయములు క్షుణ్ణముగా నెఱిఁగినవారు ఆ ద్వారమున సభకు వచ్చిరి. తుదకు ఫిరోజిషా మెహతాయు ఆ వర్గము తరఫుననే నిలిచెను. ప్రజలే ఎన్నుకొనవలెనని 1871లో వాదించిన పురుషుఁడు ప్రజలు కాని వర్గమునుండి సభకు రావలసివచ్చుట విధివైచిత్ర్యము. ఆయన 1884, 1885 సంవత్సరములలోను, మరల 1905లోను నగరసభకు అధ్యక్షుఁడై, దానిలో సింహమువలె మెలఁగెను.

ఆ సింహమును పట్టుటకు 1907లో వల పన్నఁబడెను. మెహతా ప్రాబల్యము సభలో అధికమైనదని కొందఱు ఆంగ్లేయాధికారులకు కంటగింపు కలిగెను. అకౌంటెంటు జనరలుగా నుండిన హారిసను, టైమ్స్ ఆఫ్ ఇండియా సంపాదకుఁడు లోవట్ ఫ్రేజరు మున్నగువారు కూడి, జస్టిసుల స్థానములు 16 గాన, సరిగా 16 పేర్లతో నొక పట్టిక సిద్ధపఱచిరి. అందు మెహతా పేరు లేదు. ఈ కూటమికి ఆనాఁటి పత్రికలు 'కాకసు' అని పేరుపెట్టినవి. వార్డులో నిట్టి పన్నాగము సాగుట కష్టము. అచట వోటరులు వేలసంఖ్యలో నుందురు, వారెవరికిని ఉద్యోగభయము లేదు. జస్టిసులో? వారిలో సర్కారు నౌకరులు పెక్కురు. మిగిలినవారికి బిరుదమిచ్చిన చేయి కనుల ముందర మెదలుచుండును. పై యధికారి చేతినుండి పట్టిక వచ్చినప్పుడు క్రింది యధికారి కలము ఎటు పోవునో చెప్పనక్కఱలేదు.

ఫలితము వెలువడెను. గెలిచినవారు 16 మంది. ఫిరోజిషా మెహతా 17వవాఁడు.

నగరము నివ్వెఱపోయెను. నిరసనసభలు జరిగెను. పిదప గెలిచిన పదాఱుగురిలో నొకరి యెన్నిక చెల్లదని తేలుటచే, ఆ ఖాళీలో మెహతాకు స్థానము లభించెను. ఆయన 1911లో మరల అధ్యక్షుఁడును ఆయెను. కొందఱు దీనిని ధర్మవిజయమని వర్ణింతురు. మేమట్లనఁజాలము. తాటిచెట్టుపై కాకి వ్రాలుటయు, పండు రాలుటయు ఒక్కసారి జరుగుటను కాకతాళీయమందురు. మెహతా విజయము కాకతాళీయము. ఆ యొక్కని యెన్నిక చెల్లియుండినచో, నలువది యేండ్లుగా ఆ నగరము కొఱకు పాటుపడిన పురుషుఁడు సభాభవనపు మెట్లు దిగి యింటికి పోవలసినదే. ఆయనను పంపివేయుటకు ప్రజల యనుమతి యక్కఱలేకపోయెను. పంపినవారిని నిలదీయుటకు ప్రజలకు మార్గమును లేకపోయెను.

సోదరులారా, ఈ కథలో మనము గట్టిగా పట్టుకొనవలసిన ముడి యిది. ఒకరి దయచే కలిగిన స్థానము ఆ దయతోడనే పోవును. మెహతావంటి మహామేధావికే యిట్లయిన, మనలో నొకనికి పై నుండి వచ్చు పదవి యెంతకాలము నిలుచును?

పిమ్మట జరిగినది సంక్షేపముగా చెప్పుదుము. మెహతా 1915లో స్వర్గస్థుఁడయ్యెను. 1922 చట్టముచే జస్టిసుల నియోజకవర్గము రద్దయ్యెను. సభ్యులు 106 మంది. అందు వార్డులనుండి ఎన్నికైనవారు 76. విశ్వవిద్యాలయమునకును, మూఁడు వర్తక, యంత్రశాలాధిపతుల సంఘములకును ఒక్కొక్క స్థానము. సభ్యులే చేర్చుకొనువారు 10. ప్రభుత్వ నియమితులు 16. వార్డుల పాలు మొట్టమొదటిసారి సగమును దాటి, నూటికి డెబ్బదికి మించెను. నెలకు 10 రూపాయల అద్దె యిచ్చువానికి సైతము వోటు వచ్చెను. 1923 ఎన్నికలలో సరోజినీ నాయుడు, అవంతికాబాయి గోఖలే మున్నగు స్త్రీలు సభలో ప్రవేశించిరి. 1938లో ప్రభుత్వ నియామకములును తొలఁగెను. 1948లో వయోజనులందఱకును వోటు కలిగెను. అప్పుడు గదా కామాఠీపురపు కూలివాఁడును, మాళిగలోని శేఠును ఒక్క వరుసలో నిలిచి, ఒక్క పెట్టెలో చీటి వేసిరి! 1873 నుండి 1948 వఱకు డెబ్బదియైదు సంవత్సరములు. మన తాతముత్తాతలు ఆ నగరమున గోడ కట్టినప్పటికిని, ఆ గోడకు లెక్క యడుగు హక్కు మనుమని కాలమునకు గాని రాలేదు.

ఇప్పుడు మన తీర్మానమునకు వత్తము. భారత రాజ్యాంగమునకు 1992లో జరిగిన 74వ సవరణ పురపాలకసంఘములను గూర్చినది. దానిలో 243-ఆర్ అను అధికరణము ప్రకారము, పురపాలనమున ప్రత్యేకజ్ఞానము లేక అనుభవము గలవారిని సభ్యులుగా చేర్చుకొనుటకు శాసనసభ యేర్పాటు చేయవచ్చును. కాని అట్టివారికి పురపాలకసభా సమావేశములలో వోటుహక్కు లేదని అచ్చటనే స్పష్టముగా నున్నది. మనము వేఁడుచున్న కో-ఆప్షన్ స్థాన మిట్టిది. కుర్చీ కలదు, బల్ల కలదు, తేనీరు కలదు. చేయి యెత్తినచో లెక్కకు రాదు. మేక మెడక్రింద వ్రేలాడు చన్నులను చూచి అజాగళస్తనన్యాయమని పెద్దలు పేరిడిరి. చూచుటకు చన్నులే, పితికిన పాలు రావు. జస్టిసుల ప్రతినిధికి వోటైన నుండెను. మనము కోరునది దానికంటెను తక్కువది.

"పంతులుగారూ, చట్టముచే రిజర్వు చేసిన స్థానములును దయయే కదా?" అని నిన్న ఒక యువకుఁడు మమ్మడిగెను. మంచి ప్రశ్న. కాదు నాయనా. ఆ సవరణము ప్రకారము షెడ్యూల్డు కులములకు, తెగలకు జనసంఖ్యను బట్టియు, స్త్రీలకు మూఁడవవంతునకు తగ్గకయు స్థానములు ప్రత్యేకింపఁబడినవి. వెనుకఁబడిన తరగతులకు ప్రత్యేకించు నధికారము రాష్ట్రములకు కలదు. ఆ స్థానములలో నిలుచువారెవరో చట్టము చెప్పును, గెలుచువారెవరో ప్రజలు చెప్పుదురు. ఎన్నికైనవానికి పూర్ణముగా వోటు కలదు. అది హక్కు. దానికై పోరాడుట మన ధర్మము. నియామకము వేఱు, రిజర్వేషను వేఱు. రెంటిని ఒక గాటఁ గట్టరాదు.

మఱియొక పెద్దమనుష్యుఁడు, జోతిరావు ఫూలే పూనా పురపాలకసంఘమున నియమిత సభ్యుఁడుగా నుండి ప్రజాసేవ చేయలేదా యని యడిగిరి. చేసెను, నిజమే. ఆనాఁడు ఆయన వెనుక నిలిచిన పేదలకు వోటు లేదు, వేఱు ద్వారము లేదు. మనకు ద్వారము తెఱచియున్నది. తెఱచిన ద్వారము విడిచి కిటికీలోనుండి దూరుట యేల?

అయితే ద్వారము తెఱచియున్నను మనవారందఱు లోనికి పోవుచున్నారా? ఇదియే మా హృదయమును బాధించు విషయము. ఉపాధ్యాయులకు ఎన్నికలపని తప్పదని మీరెఱుఁగుదురు. 2014 మార్చి నెలలో జరిగిన పురపాలక ఎన్నికలందు మేమొక నేఁతగాండ్రపేటలో పోలింగు అధికారిగా కూర్చుండియుంటిమి. ఉదయమున ఒక వృద్ధురాలు వచ్చెను. డెబ్బదియేండ్లు దాఁటియుండును. వ్రేళ్లకు రంగు ఇంకను వదలలేదు. జాబితా రెండుమాఱులు త్రిప్పితిమి, ఆమె పేరు లేదు. ఇల్లు మాఱినప్పుడు పాత చోట తీసివేసిరి, క్రొత్త చోట చేర్చలేదు. ఆమె మావంక చూచి యిట్లనెను: "నల్లా పైసలు కట్టించుకునేటప్పుడు నా పేరు దొరికింది గద సారూ, ఓటుకాడ దొరకదా?"

మాకు సమాధానము తోఁపలేదు. ముప్పదియేండ్లకు పైఁబడి పాఠము చెప్పినవారము, ఆ తల్లి యొక్క మాటకు జవాబు చెప్పలేక తల వంచుకొంటిమి. ఆమె చెప్పులు తొడుగుకొని వెడలిపోయెను. 1871లో బొంబాయి పౌరులు అడిగిన ప్రశ్నయు అదియే. పన్నునకు మేము పనికివత్తుము, లెక్క యడుగుటకు పనికిరామా?

ఆ తప్పిదము చట్టముది కాదు. వోటరు ఎచ్చట సాధారణముగా నివసించునో అచ్చట పేరు నమోదు కావలెను, రెండు చోట్ల నుండరాదు. ఇది సరియైన నిబంధనయే. కాని మనవారు మగ్గము వెంట, మరమగ్గము వెంట, కూలి వెంట ఊరు విడిచి పోవుచుందురు. పేరు ఇచ్చట తొలఁగును, అచ్చట చేరదు. ఆడుపిల్ల అత్తవారింటికి పోవును. పుట్టినింటి జాబితాలో పేరు పోవును, మెట్టినింటి జాబితాలో చేర్పించు తలంపు ఎవరికిని రాదు. 1989 నుండి పదునెనిమిదేండ్లు నిండినవారికి వోటు కలదు. మన యువకులు పలువురు తొలి యెన్నికను చూచుచునే గడపివేయుదురు. పడుగు సరిగా పోయక పేక వేసినచో బట్ట యగునా? వోటరుల జాబితా మన పడుగు. అందు పోగులు తెగియుండఁగా, పై అంచున ఒక జరీపోగు కావలెనని కోరుట నేఁతవాని బిడ్డలకు తగదు.

కావున మా సవరణ నిట్లు మనవి చేయుచున్నాము. కో-ఆప్షన్ స్థానములకై ప్రార్థించు తీర్మానమును విడిచి, దానికి మాఱుగా ఈ మూఁడు పనులు మహాసభ చేపట్టవలెను.

మొదటిది: ప్రతి పట్టణశాఖయు తన పేటలోని వోటరుల జాబితాను సంవత్సరమున కొకమాఱు ఇల్లిల్లు తిరిగి సరిచూడవలెను. క్రొత్తగా చేరువారికి 6వ నమూనా, ఇల్లు మాఱినవారికి 8వ నమూనా దరఖాస్తు పూర్తిచేయించి పంపవలెను. మనవారి పేర్లు మాత్రమే కాదు, ఆ వీధిలోని ప్రతివారి పేరును చూడవలెను. చాకలియింటి ముసలమ్మ పేరు లేకున్న అదియు మన లోపమే.

రెండవది: భివండి, సూరతు, షోలాపురములకు పోయిన బంధువులకు అచ్చట పేరు చేర్పించుకొనుఁడని జాబులు వ్రాయవలెను. పండుగకు వచ్చినప్పుడు పెండ్లిసంబంధములు విచారించినట్లే దీనిని విచారింపవలెను.

మూఁడవది: అభ్యర్థి మన కులస్థుఁడా కాఁడా యని మాత్రమే చూడక, నీరు, మురుగుకాలువ, మగ్గపు పాకలు, బడి, వీధిదీపము వీనికై యెవఁడు లెక్క చెప్పునో వానిని చూడవలెను. మన పేరు జాబితాలో సంపూర్ణముగా నుండి, మనము వోటు వేయుదుమని తెలిసినచో, ఏ కులపు అభ్యర్థియైనను మన గడప త్రొక్కును. మనలో యోగ్యుఁడుండెనా, ఇతరకులములవారును వానికి వోటు వేయుదురు. పేటలో మనము కొందఱమే యనుట నిజము. కాని కొలఁదిమంది యైనను అందఱును వచ్చి వోటు వేయు పేట, సగముమంది యింట కూర్చుండు పెద్దపేటకంటె బలమైనది.

ఫిరోజిషా మెహతా విగ్రహము నేఁటికిని బొంబాయి నగరసభాభవనము నెదుట నున్నది. ఆయనను 17వవానిగా చేసిన నియోజకవర్గము లేదు, దాని పట్టికయు లేదు. 1871లో ఆయన కోరిన పన్నుదారుల వోటు మాత్రము పెరిగి పెరిగి వయోజనులందఱి వోటై నిలిచియున్నది. ఈ మధ్యాహ్నము మీరు చేయి యెత్తునప్పుడు ఆ రెంటిలో దేనిని కోరుచున్నామో తలఁచుకొనుఁడని మా ప్రార్థన.

 మా మాటలలో దోషములున్న పెద్దలు క్షమింతురు గాక. ఆనాఁడు జవాబు చెప్పలేకపోయిన ఆ తల్లికి, వచ్చు ఎన్నిక నాఁటికి మన మహాసభ జవాబు చెప్పఁగలుగును గాక. స్వస్తి.